ప్రయాణం పెట్టె

విదేశ ప్రయాణమంటే మన ఇళ్ళల్లో ముందుగా కదిలేది ఆవకాయ జాడీ. తరవాత కందిపొడి, కారప్పొడి, ఆ తరవాత సున్నుండలు. పాస్‌పోర్టు ఏ బీరువాలో పెట్టామో మర్చిపోతాం గాని, పచ్చడి సీసాకి ఎన్ని ప్లాస్టిక్ సంచులు చుట్టాలో మర్చిపోం. మా అమ్మాయి సింగపూరు కాపరానికి వెళ్ళినప్పుడు పెట్టె నాలుగుసార్లు తూచాను. నాలుగుసార్లూ బరువు ఎక్కువే, నాలుగుసార్లూ బయటికి తీసింది దాని బట్టలే. ప్రయాణ సన్నాహం అంటే ఇంతేగదా అనుకునేదాన్ని, 2014లో ఒక ఫిలిప్పీన్సు అమ్మాయి పెట్టె చూసేదాకా.

ఆ ఏడు మనవణ్ణి చూసుకోవడానికని సింగపూరు వెళ్ళాను. వాడికప్పుడు మూడేళ్ళు. అమ్మాయీ అల్లుడూ పొద్దున ఎనిమిదికి బయటపడితే రాత్రి ఎనిమిదికి గాని ఇల్లు చేరరు. చూసుకోవడానికని గొప్పగా వెళ్ళానే గాని, చూసుకునే మనిషి అప్పటికే ఇంట్లో ఉంది. ముప్ఫై దాటని పిల్ల. ఫిలిప్పీన్సులో లుజోన్ దీవికి ఉత్తరాన ఉన్న ఇలోకోస్ ప్రాంతంలో సముద్రపొడ్డు పల్లెటూరు వాళ్ళది. మావాడు ఆమెని "యాయా" అంటాడు. వాళ్ళ భాషలో పిల్లల్ని పెంచే ఆయా అన్నమాట. నన్ను మొదటివారం "మేడమ్" అంది. రెండోవారం, ఇద్దరం కలిసి బియ్యంలో రాళ్ళు లేకపోయినా ఏరుతూ కూర్చున్నాక, "లోలా" అనడం మొదలుపెట్టింది. లోలా అంటే అమ్మమ్మ. ఆమెకీ ఆరేళ్ళ కొడుకున్నాడు. వాడు అక్కడ వాళ్ళ లోలా దగ్గిర పెరుగుతున్నాడు. ఇక్కడి లోలాకి మాత్రం చేతినిండా తీరికే.

వంటింటి వెనక ఆమె గదిలో, మంచం పక్కన, నా నడుమెత్తు అట్టపెట్టె ఒకటి నోరు తెరుచుకుని ఉండేది. సింగపూరులో ఇంటిపనివాళ్ళకి వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2013లో రూలు వచ్చింది. ఆ సెలవున, ప్రతి ఆదివారమూ, ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజా అనే బజారుకి వెళ్ళి సాయంత్రానికి ఏదో ఒకటి తెచ్చి అందులో వేసేది. ఒకవారం సబ్బులు, ఒకవారం మాంసం డబ్బాలు, ఒకవారం తువ్వాళ్ళు, రంగుపెన్సిళ్ళు, కాఫీపొడి, పళ్ళపేస్టు.

"పళ్ళపేస్టు మీ ఊళ్ళో దొరకదుటే?" అన్నాను.

"దొరుకుతుంది లోలా. నేను పంపింది కాదుగా అది" అంది.

"ఎప్పుడు ప్రయాణం?"

"డిసెంబరులో."

అప్పటికి జూలై నెల! అయిదు నెలల ముందు పెట్టె సర్దే మనిషిని నేను చూడలేదు. పెట్టె అడుగున, అట్టకి అతికించి ఒక కాగితం ఉంది. పెన్సిలుతో గీసిన చిన్న పాదం. కొడుకు పాదం. చెప్పులకి కొలత.

ఆ పెట్టెకి వాళ్ళ దేశంలో పేరుంది, "బాలిక్‌బాయన్" పెట్టె అని. బాలిక్ అంటే తిరిగి రావడం, బాయన్ అంటే ఊరు, దేశం. అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు సెలవలకి స్వదేశం రావాలని 1973లో మార్కోస్ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. అలా వచ్చే చుట్టాలకి పెట్టిన ముద్దుపేరు బాలిక్‌బాయన్. వచ్చేవాళ్ళు ఉత్త చేతుల్తో రారుగా! ఊరెళ్ళి వచ్చినవాళ్ళు తెచ్చేదాన్ని వాళ్ళు "పసాలుబోంగ్" అంటారు. మన ఇళ్ళల్లో "నాకేం తెచ్చావ్?" అని పిల్లలు సంచీ వెతకడం లేదూ, అదే. ఆ సంచీ అట్టపెట్టె అయింది, అట్టపెట్టె ఓడలెక్కింది. 2015లో కస్టమ్సువాళ్ళు ఆ పెట్టెలు విప్పి చూస్తామని ప్రకటిస్తే ప్రపంచం నలుమూలలా ఉన్న ఫిలిప్పీన్సువాళ్ళు మండిపడ్డారు. సరిహద్దుల గురించీ సముద్రాల గురించీ అంత గోల జరగదేమో. విప్పి చూడటం మానేయమని అధ్యక్షుడే చెప్పవలసివచ్చింది. మరుసటేడు వచ్చిన చట్టంలో లక్షా యాభైవేల పెసోల విలువదాకా పన్ను లేదన్నారు.

నాకు చరిత్ర పుస్తకాల పిచ్చి కొంత ఉంది. మనవడు పడుకున్నాక వాళ్ళ దేశపు సంగతులు చదవడం, పొద్దున్నే ఆమెని అడగడం అలవాటైపోయింది. అసలు వాళ్ళు దేశం దాటడానికి ఎలా తయారయ్యేవారు?

వాళ్ళకి మన గాంధీగారిలాంటివాడు హోసే రిజాల్. ఆయన జీవితం చదవకుండా అక్కడ డిగ్రీ రాదు, 1956 నుంచీ చట్టమే ఉంది. ఆయన ప్రయాణం కథ మా అమ్మాయి కంటే ఆ పిల్లే బాగా చెప్పింది. 1882 మే 3న, ఇరవయ్యేళ్ళవాడు, మనీలాలో "సాల్వదోరా" అనే ఓడ ఎక్కాడు. తల్లితండ్రులకి తెలియదు. తెలుసున్నది అన్నగారికి, మేనమామ వరసవారికి, ఇంకొందరికి. అన్న 356 పెసోలు చేతిలో పెట్టాడు. అక్క తన వజ్రపుటుంగరం తీసిచ్చింది. పాస్‌పోర్టు ఒక బంధువు పేరు మీద తీశారు, తెల్లదొరల కంట పడకుండా. దొంగ కాగితం, అన్న డబ్బు, అక్క నగ. అక్క ఉంగరం దగ్గిర నేను పుస్తకం మూసేసి కాసేపు కూచున్నాను. మా పెద్దన్నయ్య రైలెక్కిన రోజున మా అమ్మ చెవులు బోసిగా ఉండటం గుర్తొచ్చింది. రిజాల్ దిగిన మొదటి విదేశపు రేవు ఏదో తెలుసా? సింగపూరే.

పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళకి ఇంటిపేర్లు చాలామటుకు దొర ఇచ్చినవి. 1849లో క్లావేరియా అనే స్పానిషు గవర్నరు ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చువేయించి ఊరూరా పంచిపెట్టాడు. పన్ను లెక్కలు తేలడంలేదని! కొన్ని ఊళ్ళల్లో అందరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయంటే అందుకే. కాని ఈనాటి వాళ్ళ కాగితాల్లో నాకు నచ్చింది మరొకటి ఉంది. మధ్యపేరు అని రాసేచోట తల్లి పుట్టింటి పేరు రాస్తారు. ఏ రేవులో ఏ అధికారి ఆ పుస్తకం తెరిచినా, ఆ బిడ్డని కన్నతల్లి ఏ ఇంటి ఆడపడుచో అక్కడుంటుంది. నా పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. మా అమ్మ పేరు వెనకపేజీలో ఉంది. పుట్టింటి పేరు ఎక్కడా లేదు.

స్పెయిను పోయి అమెరికా దొరలు వచ్చాక ఇలోకోస్ పల్లెలకి ఏజెంట్లు దిగారు. హవాయి చెరకుతోటల షావుకార్లకి కూలీలు కావాలి. 1906 డిసెంబరు 20న పదిహేనుమంది హొనలూలూలో దిగారు. తరవాత నలభయ్యేళ్ళలో లక్షకి పైగా వెళ్ళారు. వాళ్ళని "సకాదాలు" అంటారు. అమెరికా ఏలుబడిలోని మనుషులే గనక వీసా గొడవ లేదు. పరీక్షల్లా చేతులకి. చేతులు చాపమని అరచేతుల్లో కాయలు కాశాయో లేదో చూసేవారట. మెత్తని చేతులైతే ఇంటికి పొమ్మనేవారట. ఈమె ముత్తాతగారి తమ్ముడు అలాగే వెళ్ళాడు.

"ఏం పట్టుకెళ్ళాడట?"

"అల్లిన పెట్టె ఒకటి, అందులో రెండు జతల బట్టలు. మూడేళ్ళ కాంట్రాక్టు లోలా, మూడేళ్ళకి రెండు జతలు చాలనుకున్నాడు."

"తరవాత?"

"రాలేదు."

మన కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి "రంగం" వెళ్ళినవాళ్ళ కథలు మా నాయనమ్మ చెప్పేది. రంగం వెళ్ళాడంటే ఇక ఆ ఇంట్లో మనిషి లెక్క ఒకటి తగ్గిందనే. 1934లో అమెరికా చట్టం మార్చి, ఫిలిప్పీన్సువాళ్ళని పరాయివాళ్ళుగా లెక్కకట్టి, ఏడాదికి యాభైమంది చాలంది. లక్షల్లో పిలిచిన నోటితోనే యాభై అనడం దొరలకే చేతనవును.

అప్పటిదాకా వెళ్ళింది ఎక్కువ మగవాళ్ళే. యుద్ధం అయిపోయాక, 1948లో అమెరికావాళ్ళు పెట్టిన ఒక శిక్షణ పథకం కింద నర్సులు కదిలారు. ఆ నర్సులతో పెట్టె ఆడదాని చేతికొచ్చింది.

అసలు మలుపు 1974. నూనె ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో కట్టడాలు లేస్తున్నాయి, ఇక్కడ మార్కోసుగారి మార్షల్ లా నడుస్తోంది, ఊళ్ళో పనుల్లేవు. ఆ ఏడు మే 1న కార్మిక చట్టం తెచ్చి, మనుషుల్ని పైదేశాలకి పంపడం సర్కారువారి పనుల్లో ఒకటిగా చేసేశారు. అక్కణ్ణుంచీ ప్రయాణం ఇంటివిషయం కాకుండా పోయింది. 1982లో ఒక ఉత్తర్వు వచ్చింది, సంపాదనలో ఇంత భాగం బ్యాంకుద్వారా ఇంటికి పంపితీరాలని. ఓడ పనివాళ్ళు నూటికి ఎనభై, ఇంటిపనివాళ్ళు యాభై. పంపిన రసీదు చూపకపోతే పాస్‌పోర్టు తిరగరాయరు. ఇది చదివి నాకు ఒళ్ళు మండింది. పంపొద్దంటే మాత్రం ఏ తల్లి ఆగుతుందని? నెలకి అయిదు నెలల ముందు పళ్ళపేస్టు కొనే మనుషులకి పంపమని చట్టమా? హాంకాంగులోని పనిమనుషులు దాని మీద తిరగబడ్డారు. ఇళ్ళల్లో గిన్నెలు తోమే ఆడవాళ్ళే. 1985లో సర్కారు ఆ శిక్షల భాగం తీసేసింది. ఆ తరవాత మూడేళ్ళకి కోరీ అక్వినో అధ్యక్షురాలిగా హాంకాంగు వెళ్ళి, మీరు దేశానికి కొత్త వీరులు అని వాళ్ళని పొగిడింది. పొగడ్తకి బరువుండదు, విమానంలో తేలిగ్గా వస్తుంది. ఆ వీరులు 2023లో ఇళ్ళకి పంపినది దాదాపు 3,700 కోట్ల డాలర్లు.

1980ల మొదట్లోంచే, బయలుదేరే ముందు ఒక పాఠం విని తీరాలి. వెళ్ళే దేశపు చట్టాలు, కాంట్రాక్టులో ఏముందో, డబ్బెలా పంపాలో చెప్తారు. 2006 చివర్లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ కోసం మరికొన్ని చేర్చారు. కనీస జీతం 200 డాలర్ల నుంచి 400కి పెంచారు, వాళ్ళ దగ్గిర ఏజెంటు కమిషను పుచ్చుకోకూడదన్నారు, పనిలో శిక్షణ అయినట్టు సర్టిఫికెట్ ఉండాలన్నారు.

"ఏం నేర్పారే?" అన్నాను.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పక్క వెయ్యడం లోలా! దుప్పటి మూల ఎలా మడవాలో. ఇస్త్రీ చెయ్యడం. పసిపిల్లకి నీళ్ళు పోయడం కూడా. బొమ్మ ఇచ్చారు నీళ్ళు పొయ్యమని. అప్పటికి మావాడికి ఏడాదిన్నర. వాణ్ణి మా అమ్మ దగ్గిర వదిలి, బొమ్మకి నీళ్ళు పోసి పాసయ్యాను."

పాసయినందుకు సర్టిఫికెట్ ఇచ్చారు. ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. ఆ కవర్లోనే జనన పత్రం, డాక్టరు సర్టిఫికెట్, కాంట్రాక్టు, పోలీసు కాగితం, విమానాశ్రయంలో చూపవలసిన ఉద్యోగానుమతి పత్రం. కమిషను వద్దని చట్టం ఉన్నా, ఇక్కడికొచ్చాక మొదటి నెలల జీతం అప్పు కిందే పోయిందట. ఆ కాగితం మాత్రం కవర్లో లేదు.

ఈ కాగితాలన్నిటి వెనకా ఒక ఉరికొయ్య నీడ ఉంది. ఆ ఉరి సింగపూరులోనే. ఫ్లోర్ కాంటెంప్లసియోన్ అనే పనిమనిషి. 1991లో తోటి ఫిలిప్పీన్సు పనిమనిషి, ఆమె చూసే పసివాడు చనిపోయారు. ఆ నేరం ఈమె మీద పడింది. 1995 మార్చి 17న ఉరితీశారు. ఆమె నేరం చెయ్యలేదని, తన దేశం తనని పట్టించుకోలేదని ఫిలిప్పీన్సులో లక్షలమంది నమ్మారు. వీధులు నిండిపోయాయి. జూన్‌లో వలసపోయే కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఆమె బతికుండగా లేని రక్షణ అది. ఆ పేరు ఎత్తితే మా యాయా నవ్వు మాయమయింది. "అమ్మ నన్ను పంపనన్నది అందుకే లోలా" అంది, అంతే.

మన దగ్గిరా కాగితాలున్నాయి, లేకపోలేదు. 1983 చట్టం ప్రకారం పదో తరగతి పాసవని వాళ్ళు గల్ఫుకి పోవాలంటే అనుమతి ముద్ర కావాలి. కడప నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్ళిన మన ఆడవాళ్ళెందరో ఏజెంటు చెప్పిన పక్కదారిన ఆ ముద్ర దాటుకుని వెళ్ళినవాళ్ళే. కాని ఫిలిప్పీన్సువాళ్ళకున్న ఒక పద్ధతి చూసి నాకు అసూయ కలిగింది. విదేశీయుణ్ణి చేసుకుని వెళ్ళే పెళ్ళికూతురు ముందు ఒక సర్కారు ఆఫీసులో కూర్చుని సలహా వినాలి. వరుడి సంగతి నీకేం తెలుసు, అక్కడ కొడితే ఎవరికి ఫోను చెయ్యాలి, ఇవన్నీ అక్కడ మాట్లాడతారు. తపాలాద్వారా పెళ్ళికూతుళ్ళని బేరంపెట్టడాన్ని 1990లోనే చట్టం చేసి నిషేధించారు. అమెరికా సంబంధం అనగానే మనం జాతకాలు చూశాం, జీతం అడిగాం, హాలు మాట్లాడాం. ఎవరికి ఫోను చెయ్యాలో ఏ పిల్లకైనా చెప్పి పంపామా?

ఇంతా చేసి, ఊరికే నాలుగురోజులు దేశం చూసొద్దామని బయలుదేరే ఫిలిప్పీన్సు ఆడపిల్లకి ఇంకో చిక్కు. టూరిస్టునని చెప్పి వెళ్ళి పనిలో చేరి, అమ్ముడుపోయినవాళ్ళు ఉన్నారు గనక, 2012 నుంచీ విమానాశ్రయంలో ప్రశ్నలు పెంచారు. ఎందుకెళ్తున్నావు, ఖర్చు ఎవరిది, తిరుగు టిక్కెట్టేది, ఉద్యోగం ఉందా? జవాబు నచ్చకపోతే విమానం ఎక్కనివ్వరు. దానికి "ఆఫ్‌లోడ్" అని మాట, సరుకు దించినట్టు. ఒకామెని కాలేజీ చివరియేటి ఫొటోల పుస్తకం తెచ్చావా అని అడిగారని, ఈలోగా విమానం వెళ్ళిపోయిందని 2023లో పెద్ద గొడవైంది. ప్రయాణానికి ఎవరైనా అది సర్దుకుంటారా! ఆ ఏడే కొత్త నిబంధనలు తేబోయి, సెనేటులో అభ్యంతరం వస్తే ఆపుకున్నారు. ప్రశ్న అడిగే అధికారిని తిట్టడానికి నాకు పూర్తిగా నోరు రాదు. ఆ ప్రశ్నే ఎవరో ఒక పిల్లని కాపాడి ఉంటుంది. అయితే ఖరీదైన పెట్టె, ఎర్రటి లిప్‌స్టిక్కు ఉన్నావిడని ఆ ప్రశ్న ఎంతసేపు నిలబెడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వరస నిలబడే విమానాశ్రయానికి నినోయ్ అక్వినో పేరు పెట్టారు. ఆయనా అమెరికాలో ఉండి 1983లో తిరిగి వస్తూ, రిజాల్‌లాగే, మరో పేరున్న పాస్‌పోర్టు సంపాదించుకున్నాడు. మార్సియల్ బోనిఫాసియో అని. మార్సియల్ అంటే మార్షల్ లా, బోనిఫాసియో అంటే తనని ఖైదుపెట్టిన కోట. ఆగస్టు 21న విమానం మెట్ల దగ్గిరే కాల్చి చంపారు. కోరీ ఆయన భార్యే. నూరేళ్ళ తేడాతో వాళ్ళ దేశపు ఇద్దరు పెద్దమనుషులు, ఒకడు వెళ్ళడానికీ ఒకడు రావడానికీ, తమది కాని పేరు సర్దుకోవలసివచ్చింది.

అక్టోబరు చివర మా యాయా పెట్టె నిండింది. క్రిస్మసు హడావిడి వాళ్ళకి సెప్టెంబరులోనే మొదలవుతుంది. పెట్టె ఓడలో ముందు వెళ్ళాలి. నేనూ అందులో ఒక కాటన్ చీర పెట్టాను, అక్కడి లోలాకి. ఆవిడ చీర కట్టదని తెలుసు, కిటికీకి కట్టుకున్నా సరేననుకున్నాను. ఇద్దరం పెట్టె మీద కూర్చుని మూత అదిమితే మనవడు టేపు చుట్టాడు. డిసెంబరులో ఆమె మాత్రం చిన్న పెట్టెతో విమానమెక్కింది. వెళ్ళేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు, తిరిగి రావడానికే మళ్ళీ అనుమతి పత్రం కావాలి, దానికి మనీలాలో వరస. అదే యజమాని దగ్గిరికి వచ్చేవాళ్ళకి ఆ తరవాత సడలించారట గాని, అప్పటికి లేదు. ఉన్న రెండువారాల్లో ఒకరోజంతా దానికే పోయింది.

జనవరిలో తిరిగొచ్చింది. మావాడు పరుగెత్తుకెళ్ళి కాళ్ళకి చుట్టుకున్నాడు. ఎత్తుకుంది, ముద్దుపెట్టుకుంది, వాడికి తెచ్చిన ఎండుమామిడి ముక్కలు చేతిలో పెట్టింది. వాడు పడుకున్నాక అడిగాను, "చెప్పులు సరిపోయాయా?" అని.

"లేదు లోలా. బిగుతు. పక్కింటి పిల్లాడికి ఇచ్చాం."

హాండ్‌బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. కాంట్రాక్టుకీ అనుమతి పత్రానికీ మధ్య మడిచిన కాగితం ఉంది. కొత్త పాదం. వేళ్ళ దగ్గిర గీత వంకరగా పోయింది, చక్కిలిగింత పెట్టిందేమో. ఆదివారం వచ్చేసరికి గదిలో కొత్త అట్టపెట్టె నిలబడింది, అడుగున ఆ కాగితం అతికించి ఉంది. పైన ఒక టూత్‌పేస్టు.